"సందు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? సందు, గొంది, గల్లీ, పుంత, డొంక... మీ వైపు ఏమంటారు?

తాతగారిల్లు:
అందరికీ నమస్కారం. ఏలూరులో మా తాతగారి ఇల్లు అమ్మేద్దామని పెద్దవాళ్ళు అనుకుంటున్నారు. పోయిన వారం పెట్టెలోంచి పాత దస్తావేజు తీసి చదివాం. పడమటి హద్దు దగ్గర "ఉభయుల ఉమ్మడి సంధు, వెడల్పు రెండున్నర మూరలు" అని రాసి ఉంది. దకి వత్తు ఉంది, స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ సందు నాకు బాగా గుర్తు. ఇటు మా గోడ, అటు పక్కింటివాళ్ళ గోడ. ఒకళ్ళు నడిస్తే ఫర్వాలేదు. ఎదురుగా ఇంకొకళ్ళు వస్తే ఎవరో ఒకరు గోడకి వీపు ఆనించి నిలబడాలి. మా నాయనమ్మ చంకలో బిందెతో వచ్చేటప్పుడు పక్కకి తిరిగి నడిచేది. బిందె గీసుకుని గీసుకుని గోడ మీద నడుము ఎత్తులో ఒక చార పడింది. ఇప్పటికీ ఉంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ నేల చల్లగా ఉండేది, మేం ఆడుకునేది అక్కడే.

మా బావ అంటాడు, సంస్కృతం మాట కాబట్టి "సంధు" అనే రాయాలి, మనం తప్పు పలుకుతున్నాం అని. నాకు నమ్మకం కుదరలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. అసలు ఈ మాట ఎక్కడిది?

పాతబడిపంతులు:
బాబూ, "సందు" అనేదే సరైన మాట. "సంధు" అనే మాట సంస్కృతంలోనూ లేదు, తెలుగులోనూ లేదు. సంస్కృతంలో ఉన్నది "సంధి". అది తెలుగులోకి వచ్చి "సందు" అయింది. మన నోట్లో వత్తులు జారిపోవడం మామూలే. భాష బాస అయింది, భిక్ష బిచ్చం అయింది. సంధ్య అయితే సందె అయింది. సందె వచ్చిన దారినే సందు కూడా వచ్చింది.

మీ దస్తావేజు రాసినాయన తప్పు చేశాడని అనుకోకండి. పాత లేఖరులు చాలామంది సంస్కృతం మాట అనిపించగానే గౌరవంగా ఒక వత్తు పెట్టేవారు. మాట మాత్రం కొత్తది కాదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనూ ఉంది, 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరంలోనూ ఉంది.

మైలాపూరు తెలుగు:
మాస్టారు చెప్పింది నిజమే. నేను పుట్టి పెరిగింది చెన్నైలో. తమిళంలో ఇరుకు దారిని "సందు" అనే అంటారు. మనం సందుగొందులు అన్నట్టు వాళ్ళు "సందు పొందు" అంటారు. పొందు అంటే తొర్ర, బొరియ. మనకు లేని వెసులుబాటు ఒకటి వాళ్ళకుంది. "సంది" వేరే, "సందు" వేరే. సంది అంటే దారులు కలిసే కూడలి. మూడు దారులు కలిసే చోటు "ముచ్చంది". సందు అంటే ఇరుకు దారి. తుంటి కీలుని కూడా సందు అంటారు.

తుంగభద్ర:
మాది ఆదోని. ఇక్కడ కన్నడం, తెలుగు కలిసే మాట్లాడతాం. కన్నడంలో "సంది" అంటే ఇరుకు దారి, "సందిగొంది" అంటే మన సందుగొందులే. వీధిని మేం గేరి అంటాం. "మా గేరిలో పెండ్లి ఉంది" అంటే మా వీధిలో అని. కన్నడంలో కేరి. హుబ్బళ్ళి వైపు పోతే సన్నదారిని "ఓణి" అంటారు.

కొత్తపాఠకుడు:
నాకో అనుమానం. సంధి అంటే కలవడం. బడిలో సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి అని చదివాం, రెండు అక్షరాలు కలిసిపోవడం. ఇద్దరు రాజులు సంధి చేసుకున్నారంటే కలిసిపోయారని. సందు అంటే మాత్రం మధ్యలో ఖాళీ. కలవడం అనే మాట ఖాళీ ఎలా అయింది? పూర్తిగా తిరగబడింది కదా!

పాతబడిపంతులు:
మంచి ప్రశ్న. దీనికి కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి.

ముందు మాటని విప్పుదాం. సం అంటే కలిపి. ధా అనే ధాతువుకి ఉంచడం, పెట్టడం అని అర్థం. నిధి, విధి, సమాధి అన్నీ ఆ ధాతువులోంచి వచ్చినవే. రెండింటిని దగ్గర చేర్చి పెట్టడం సంధి. ఆయుర్వేదంలో సంధి అంటే కీలు. కీళ్ళవాతాన్ని సంధివాతం అంటారు.

ఇప్పుడు మీ చెయ్యి చూసుకోండి. రెండు వేళ్ళు కలిసే చోటుని మనం ఏమంటాం? వేళ్ళ సందు. రెండు పళ్ళు ఆనుకున్న చోటు పళ్ళ సందు. తలుపు రెక్కా ద్వారబంధమూ కలిసే చోటు తలుపు సందు. ఇవన్నీ కలిసే చోట్లే. కానీ రెండు వస్తువులు ఎంత దగ్గరగా చేర్చినా వాటి మధ్య సన్నటి గీతంత జాగా మిగులుతుంది. ఏదైనా ఇరుక్కుంటే ఆ జాగాలోనే, వెలుతురు దూరితే అందులోంచే. రోజూ ఆ జాగాతోనే పని పడుతుంది కాబట్టి మాట కూడా దాని మీదే నిలబడిపోయింది. ఇల్లూ ఇల్లూ కలిసే చోట మిగిలిన జాగా ఇంటి సందు. దారిగా వాడుకున్నారు కాబట్టి దారికి ఆ పేరొచ్చింది.

ఇది తెలుగువాళ్ళు తిరగేసిన మాట కూడా కాదు. సంస్కృతంలోనే ఈ అర్థం ఉంది. శూద్రకుడి మృచ్ఛకటికంలో మూడో అంకం గుర్తుందా? శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. గోడకి వేసే ఆ కన్నం పేరు సంధి. ఆ అంకం పేరే సంధిచ్ఛేదం. తామర పువ్వు ఆకారంలో వేయాలా, నెలవంకలా వేయాలా, స్వస్తికంలా వేయాలా అని ఆలోచించి చివరికి పూర్ణకుంభం ఆకారంలో వేస్తాడు. కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యమే కొలతాడవుతుంది. బడిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగేవారు, కన్నాన్ని సంధి అంటారేమిటి మాస్టారూ అని. అప్పుడు మన ఇళ్ళ పక్క సందు చూపించేవాణ్ణి.

చార్మినార్ చాయ్:
మాస్టారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. హిందీలో గోడకి కన్నం వేయడాన్ని "సేంధ్ లగానా" అంటారు. ఈ సేంధ్ కూడా సంధిలోంచి వచ్చిందే. ఒకే మాట ఉత్తరాదిలో దొంగ చేతికి చిక్కింది, మన దగ్గర ఇంటి పక్కన దారైంది.

మాది హైదరాబాద్ పాతబస్తీ. మా దిక్కు గల్లీ అంటేనే పలుకుతారు. గల్లీ క్రికెట్, గల్లీ లీడర్, ఢిల్లీ నుంచి గల్లీ దాకా. హిందీ గలీ సంస్కృతంలోని "గల" అనే మాట నుంచి వచ్చిందని నిఘంటువుల్లో చదివాను. గల అంటే గొంతు. గళం విప్పడం అంటాం కదా, అదే. మా గల్లీ చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. మొదట్లో ఆటో పట్టేంత ఉంటుంది, నాలుగిళ్ళు దాటాక గొంతులా సన్నబడి రెండు బండ్లు కూడా ఒకేసారి పోలేవు.

గల్లీ వచ్చిందని సందు పోలేదు మరి. గల్లీలోంచి చీలి ఇంకా సన్నగా పోయేదాన్ని మా అమ్మ సందు అనే అంటది. "గా సందుల కెల్లి పో, జల్ది చేరుతవ్" అంటది.

కృష్ణలంక:
మాటల్లో ఎన్ని సందులున్నాయో రాస్తాను. సందు దొరికితే చాలు ఫోను చూస్తాడు. సందు చూసుకుని జారుకున్నాడు. మాట్లాడితే ఎదుటివాడికి సందివ్వదు. పనుల సందున ఓసారి వచ్చి వెళ్ళు. వీటిలో ఎక్కడా దారి లేదు, కాలంలో మిగిలిన జాగా ఉంది.

"సందట్లో సడేమియా" కూడా ఇందులోదే అనుకుంటా. జనం మధ్య సందు చూసుకుని దూరిపోయినవాడు అని.

పాతబడిపంతులు:
అది మాత్రం కాదండీ. సందట్లో అన్నది సందులోంచి రాలేదు, సందడిలోంచి వచ్చింది. నాడు నాటి అవుతుంది, ఏడు ఏటి అవుతుంది, అలాగే సందడి సందటి అవుతుంది. సందటిలో అన్నది పలుకుబడిలో సందట్లో అయింది. గోలలో, హడావుడిలో దూరినవాడు అని అర్థం. సౌండు దగ్గరగా ఉంది కదా అని చుట్టరికం కలిపితే చాలా పొరపాట్లు జరుగుతాయి. సందేహం, సందిగ్ధం కూడా వేరే ధాతువువి, మన సందుకి చుట్టాలు కావు.

కృష్ణలంక:
ఇన్నేళ్ళూ తప్పుగా అనుకున్నాను. ధన్యవాదాలు మాస్టారూ. మరి "అమ్మ సందిట చేర్చుకుంది" అంటాం కదా, అది?

పాతబడిపంతులు:
అది సందిలి. వాకిలి వాకిట అయినట్టు, కౌగిలి కౌగిట అయినట్టు, సందిలి సందిట అయింది. రెండు చేతుల మధ్య జాగా సందిలి.

రావిపుంత:
గోదావరి జిల్లా నుంచి నా వంతు. మా ఊళ్ళో ఇళ్ళ మధ్య దారి సందు. పొలాల మధ్య దారిని సందు అనం, పుంత అంటాం. రెండెడ్ల బండి పట్టేంత వెడల్పు, అటూ ఇటూ తాటిచెట్లు, వానాకాలంలో మోకాలి లోతు బురద. పుంతలో ముసలమ్మ అని అమ్మవారి గుడులు మా వైపు చాలా చోట్ల కనిపిస్తాయి. ఊరు దాటి పుంతలోకి అడుగుపెట్టే ముందు ఆ తల్లికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

పేపర్లలో "తెలుగు సినిమా కొత్త పుంతలు తొక్కుతోంది" అని రాస్తారు. పట్నం పిల్లల్ని పుంత అంటే ఏమిటని అడిగితే తెలీదు. ఆ మాట రాసేవాళ్ళలో బురదలో బండి తోలినవాళ్ళు ఎంతమంది ఉంటారో! పుంత తొక్కడం అంటే నిజంగా తొక్కడమే. గడ్డి మొలిచిన చోట రోజూ నడిస్తే, బండి చక్రాలు పోతే, రెండు గాళ్ళు పడతాయి, అప్పుడది పుంత అవుతుంది.

నల్లరేగడి:
మా గుంటూరు వైపు పుంతని డొంక అంటాం. గుంటూరు పట్నంలోనే డొంక రోడ్డు ఉంది. ఒకప్పుడు పొలాల మధ్య దారులు, ఇప్పుడు సిమెంటు రోడ్లు, పేరు మాత్రం పోలేదు. "తీగ లాగితే డొంక కదిలింది" అన్నప్పటి డొంక వేరు, అది పొద. ఒకే మాటకి రెండు అర్థాలు. మా నాన్న అనేవారు, డొంక దారికి రెండు పక్కలా ముళ్ళపొదలు ఉంటాయి కాబట్టి దారికీ ఆ పేరే వచ్చిందని.

ఇంకోటి. మా వైపు బజారు అంటే అంగళ్ళు ఉన్న చోటే కాదు, మామూలు వీధి కూడా బజారే. "మా బజార్లో ఎవరో చనిపోయారు" అంటాం. బ్రాడీపేటకి వస్తే ఇవేవీ కాదు, లైను, అడ్డరోడ్డు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. పోస్టుమన్ కంటే ముందు ఆటోవాళ్ళకి అర్థమైపోతుంది.

డల్లాస్ అమ్మ:
సందుకీ గొందికీ తేడా ఏమిటి? మా పాప అడిగితే చెప్పలేకపోయాను. ఇక్కడ ఇళ్ళ వెనక గ్యారేజీల వైపు ఒక దారి ఉంటుంది, చెత్తబండి అటే వస్తుంది. దాన్ని తెలుగులో ఏమనాలి అంటోంది.

రావిపుంత:
మా వాడుకలో అయితే సందులో ఇటు దూరి అటు తేలొచ్చు అక్కా. గొంది అంటే లోపలికి పోయాక గోడ అడ్డం వస్తుంది, వెనక్కి రావాలి. అందుకే పోలీసులు దొంగ కోసం సందుగొందులన్నీ గాలిస్తారు. సందులో అయితే పారిపోతాడు, గొందిలో అయితే దొరుకుతాడు. పాపతో వెనక సందు అనండి, సరిపోతుంది.

మేడమీద మొక్కలు:
వెనక సందు అన్నారు కాబట్టి నేను రాయాలి. చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

మా ఊరు కోస్తాలో పాత పట్నం. పెద్ద ఇళ్ళ వెనక బారుగా ఒక సన్నటి సందు ఉండేది. రెండు పక్కలా మరుగుదొడ్ల వెనక గోడలు. ఒక్కో గోడకి నేల మట్టంలో చిన్న రేకు తలుపు. మా అమ్మమ్మ తెల్లారకముందే ఆ సందులోకి వెళ్ళి ఒక్కో రేకు తలుపూ ఎత్తి, రేకుతో గంపలోకి ఎత్తుకుని వచ్చేది. వీధి వైపు నుంచి ఆవిడని ఆ ఇళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. జీతం కూడా ఆ సందులోనే, పైనుంచి చేతిలో వేసేవాళ్ళు. ఆ పట్నంలో నలభై ఏళ్ళు బతికింది. ఆ ఇళ్ళ ముందు గుమ్మాలు ఏ రంగో ఆవిడకి తెలీదు. నాకు ఆవిడే చెప్పింది.

ఆ పని మనుషులతో చేయించకూడదని 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. మా ఊరి సందుని తర్వాత రెండు వైపులవాళ్ళూ ఇళ్ళలో కలిపేసుకున్నారు. ఇప్పుడు ఆనవాలు కూడా లేదు. సందు అనే మాటకి అర్థాలు రాసుకుంటున్నప్పుడు ఇది కూడా ఉండాలి.

తాతగారిల్లు:
ఉండాలండి. తప్పకుండా ఉండాలి. మా ఇంటి వెనక కూడా అలాంటి సందు ఉండేది. ఇప్పుడది మా వంటగది. ఇన్నాళ్ళూ దాన్ని గురించి ఇలా ఆలోచించలేదు. మీ అమ్మమ్మగారికి నమస్కారం.

పాతబడిపంతులు:
అమ్మా, చదివాను. నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ అర్థం ఏ రోజూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

స్టాంపుకాగితం:
నేను దస్తావేజు లేఖరిని. మొదట అడిగినాయనకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పాలి. మీ దాంట్లో "ఉమ్మడి సందు" అని ఉంది. ఈ ఉమ్మడి అన్న మాట చాలా విలువైనది. అంటే ఆ జాగా మీదీ, పక్కవారిదీ కూడా. మీకు చెప్పకుండా వాళ్ళు దాని మీద శ్లాబు వేయకూడదు, మీరూ అక్కడ మెట్లు కట్టకూడదు.

కొన్ని దస్తావేజుల్లో ఉమ్మడి అని ఉండదు, "నడుచు హక్కు" అని ఉంటుంది. అప్పుడు జాగా ఒకరిది, నడిచే హక్కు ఇంకొకరిది. అసలేమీ రాయకపోయినా 20 ఏళ్ళు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచి ఉంటే ఆ దారి మీద హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. ఆ చట్టం మొదటి నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది కాబట్టి మీ ఏలూరుకీ అప్పటి నుంచే ఉంది. నడక ఒక్కటే కాదు, మీ చూరు నీళ్ళు అటు పడే హక్కు కూడా అలాగే వస్తుంది. పెంకుటిళ్ళ కాలంలో చాలా సందులు వదిలింది ఆ చూరు నీళ్ళ కోసమే. చూరు ముందుకు వచ్చినంత మేర జాగా వదలకపోతే నీళ్ళు పక్కవాడి గోడని తినేస్తాయి.

అమ్మేటప్పుడు కొత్త దస్తావేజులో ఆ మాట జారిపోకుండా చూసుకోండి. "పడమర: ఫలానావారి ఇల్లు" అని రాసి వదిలేస్తే, కొన్నవాడికీ పక్కవాడికీ జీవితాంతం టెన్షన్. అలాంటి గొడవలు నా బల్ల ముందుకి ఎన్నో వచ్చాయి. స్పెల్లింగు సంగతి మాస్టారు చెప్పినట్టే రాసుకోండి, పాతదాంట్లో వత్తు ఉన్నందువల్ల నష్టమేమీ లేదు.

కొత్తపాఠకుడు:
రెండున్నర మూరలు అంటే ఎంత?

స్టాంపుకాగితం:
మూర అంటే మోచేయి నుంచి నడివేలి కొస దాకా. లెక్కకి అడుగున్నర వేసుకుంటారు. అంటే మూడడుగుల తొమ్మిది అంగుళాలు.

తాతగారిల్లు:
ఈ ఆదివారం ఏలూరు వెళ్ళి వచ్చాను. పక్కింటి పెద్దాయన కూడా వచ్చారు, ఆయన టేపు ఒక కొస పట్టుకుంటే నేను ఇంకో కొస పట్టుకున్నాను. వీధి వైపు మూడడుగుల ఎనిమిది. నూతి వైపు మూడడుగుల ఏడు. వాళ్ళు గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించినప్పుడు ఆ అంగుళం, రెండంగుళాలు పోయాయి. ఆయనే చెప్పారు, దాని మీద పేచీ ఏమీ లేదు.

లేఖరిగారు చెప్పినట్టు కొత్త దస్తావేజులో "ఉభయుల ఉమ్మడి సందు" అని రాయిస్తున్నాం, వత్తు లేకుండా. మా బావకి మాస్టారి జవాబు చదివి వినిపించాను, ఒప్పుకున్నాడు. మా వైపు గోడ కొనేవాళ్ళు ఎలాగూ పడగొడతారు. అందుకని నాయనమ్మ బిందె గీసిన చార దగ్గర పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకున్నాను. నేల నుంచి రెండడుగుల పది అంగుళాల ఎత్తులో ఉంది.